పాత చందమామను కత్తిరించి కొలాజ్ చేయడం తప్పా?

కత్తెరమేళం:
మొన్న ఇక్కడే నా కొత్త కొలాజ్, అంటే కాగితాలూ గుడ్డలూ కోసి అంటించి చేసిన బొమ్మ, ఫొటో పెట్టాను. రెండడుగుల ప్లైవుడ్ పలక, దాని మీద 1960ల నాటి చందమామ అట్టలోంచి కోసిన రాజకుమారి, ఆమె వెనకాల ఆర్టీసీ బస్ టికెట్లు, మా అమ్మమ్మ పట్టుచీర జరీ అంచు, మూలల్లో పసుపు అంటిన పాత శుభలేఖ. మెచ్చుకున్నవాళ్ళు నలుగురుంటే తిట్టినవాళ్ళు నలభై మంది. చందమామ అట్టలు గీసిన వడ్డాది పాపయ్య, అదే మన వపా, బొమ్మ కోయడానికి నీకు చేతులెలా వచ్చాయని ఒకరు, ఇంకొకళ్ళ బొమ్మ అంటించి సంతకం నీది పెడతావా అని ఇంకొకరు. అక్కడ జవాబులు రాస్తూ పోతే తెమలదని విడిగా టాపిక్ తెరుస్తున్నాను. తిట్టేవాళ్ళు ఇక్కడే తిట్టండి.

ముందు నేనెలా పని చేస్తానో చెప్తాను. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వెళ్తాను. అట్ట ఊడి, మధ్య పేజీలు లేక, చెదలు సగం తిన్న సంచికలు పురికొసతో కట్టిన కట్టల్లో దొరుకుతాయి. నేను కొనేవి అవే. బాగున్న సంచిక కొనేంత డబ్బు నా దగ్గర లేదు, ఉన్నా కోయడానికి మనసు రాదు. ఇంటికి తెచ్చాక వెంటనే కత్తెర పట్టను, వారం పది రోజులు ఊరికే తిరగేస్తాను. ఏం చేయాలో ముందుగా ఏమీ అనుకోను. ఎక్కడో ఒక చెయ్యి, ఒక తలపాగా, ఒక ఏనుగు తొండం కంటికి పడుతుంది, దాని పక్కన ఏ టికెట్ రంగు కుదురుతుందా అని రాత్రి పన్నెండు దాకా నేల మీద పరిచి జరుపుతూ కూర్చుంటాను, ఫ్యాన్ వేసుకునే వీలు కూడా ఉండదు, అన్నీ ఎగిరిపోతాయి కాబట్టి. అంటించేది చివరి గంటలో.

నా ప్రశ్న ఒక్కటే. తూకానికి పోయే కాగితాన్ని నేను గోడ మీదికి ఎక్కిస్తే పాపమెలా అవుతుంది?

సంచికలసంచి:
మొన్న తిట్టిన నలభై మందిలో నేనొకణ్ణి, మళ్ళీ తిడతాను.

"చెదలు తిన్నదే కదా" అనే మాట దగ్గరే నాకు మండుతుంది. చందమామ 1947 జులైలో మొదలైంది. తొలి పదేళ్ళ సంచికలు వరసగా, అట్టలతో సహా ఉన్న ఇల్లు మీకు తెలిస్తే చెప్పండి, ఇప్పుడే బస్సెక్కుతాను. పాత సంచికలు పోగేసే మా దగ్గరున్న సెట్లన్నీ అతుకుల బొంతలే. ఒకచోట అట్ట లేనిది, ఇంకోచోట అట్ట మాత్రమే ఉన్నది, ఆ రెండూ కలిస్తే ఒక సంచిక. మీకు చెత్తలా కనిపించే ఆ సగం సంచికే నాకు పదహారేళ్ళుగా దొరకని సగం కావచ్చు. లైబ్రరీలో ఉంటుందిలే అనుకోకండి, 2000 ఆగస్టు వరదకి హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పుస్తకాలు ఎన్ని నీళ్ళలో నానిపోయాయో చూసినవాళ్ళని అడగండి. కాగితానికి నీళ్ళు, చెదలు, ఎండ చాలవా, కత్తెర కూడా కావాలా?

స్కాన్ చేసి, మంచి కాగితం మీద ప్రింట్ తీసి, అది కోసుకోండి. మీకు బొమ్మ దక్కుతుంది, మాకు సంచిక మిగులుతుంది. ఇందులో మీకొచ్చిన కష్టమేంటో నాకర్థం కావడం లేదు.

బ్రష్_పట్టినోడు:
సంచిక పోతే పోయింది. అసలు ఇది కళేనా అన్నది నా డౌట్. ముక్కు గీయడం రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. వపా గీసిన ముక్కు అంటించడానికి మీకు ఆరు సెకన్లు.

కత్తెరమేళం:
ఆరు సెకన్లు కాదు బాసూ, జిగురు ఆరడానికే రాత్రంతా పడుతుంది.

స్కాన్ సంగతి. చేసి చూశాను. అరవై ఏళ్ళ కాగితానికి ఒక రంగు వస్తుంది, పాత తేనె రంగు, అంచుల దగ్గర ఇంకాస్త ముదురు. అది ప్రింట్‌లో గోధుమ రంగు ఇంకులా కనిపిస్తుంది తప్ప కాగితం వయసులా కనిపించదు. చేత్తో చింపితే పాత కాగితం పొడిగా, రంపపు పళ్ళలా చిరుగుతుంది, కొత్త కాగితం పీచుపీచుగా సాగుతుంది. నా పనిలో సగం ఆ చిరుగు అంచే. జరీ పక్కన జిరాక్స్ పెడితే పట్టుచీర మీదికి ప్లాస్టిక్ పూలదండ వేసినట్టుంటుంది.

విశాఖ_టీచరమ్మ:
కళా కాదా అన్న గొడవ నూరేళ్ళ కిందటే అయిపోయింది కాబట్టి దాన్ని త్వరగా దాటేద్దాం. 1912లో పికాసో పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క తెచ్చి కాన్వాస్‌కి అంటించాడు, చుట్టూ ఫ్రేమ్ బదులు తాడు చుట్టాడు. ఆ అల్లిక ఆయన గీసింది కాదు, ఫ్యాక్టరీ అచ్చు. ముక్కు గీయడం రాక ఆ పని చేశాడని ఎవరూ అనరు కదా. కుర్ట్ ష్విట్టర్స్ అనే జర్మన్ ఆయన ట్రామ్ టికెట్లు, చిత్తు కాగితాలు అంటించి, ఒక బ్యాంకు ప్రకటనలోని "కొమ్మెర్జ్" అనే మాట కోయగా మిగిలిన "మెర్జ్" ముక్కనే తన కళకి పేరుగా పెట్టుకున్నాడు. కత్తెరమేళం గారి బస్ టికెట్లకి పెద్ద వంశమే ఉంది.

మన దగ్గర మాత్రం లేదా? రవివర్మ అచ్చుబొమ్మల్లోని లక్ష్మీదేవికి గుడ్డతో చీర కట్టి, జరీ, తళుకులు కుట్టి అద్దం కట్టించుకున్న ఇళ్ళు ఎన్నో. ఆ పని చేసిన ఆడవాళ్ళని మనం ఆర్టిస్టులనలేదు, అది వేరే బాధ. తంజావూరు పటాల్లో చెక్క, గుడ్డ, సుద్ద, బంగారు రేకు, అద్దపు రాళ్ళు అన్నీ ఒకే పలక మీద ఉంటాయి. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి 1957లో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయింది, ఆ తర్వాతే రంగు కాగితాలు చేత్తో తడుముకుంటూ కత్తిరించి బొమ్మలు చేశాడు. బ్రష్_పట్టినోడు గారూ, అవి ఒకసారి చూసి మళ్ళీ మాట్లాడదాం.

అయితే సంచికలసంచి గారి వైపు కూడా ఒక సాక్షి ఉంది. న్యూయార్క్‌లో జోసెఫ్ కార్నెల్ చిన్న చిన్న పెట్టెల్లో పాత బొమ్మలు, గాజు వస్తువులు అమర్చి జీవితమంతా గడిపాడు. ఆయన చాలాసార్లు అసలు బొమ్మ కోయకుండా ఫొటోస్టాట్ తీయించి వాడేవాడు, ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చని. ఆ పెట్టెలు ప్లాస్టిక్ పూలదండల్లా ఉన్నాయని నేనెక్కడా వినలేదు.

ప్లీడరుగుమస్తా:
అందరూ స్కాన్ స్కాన్ అంటున్నారు, చట్టం కోణంలో చూస్తే తిరకాసు అక్కడే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినాయన పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, అంటే 2052 చివరి దాకా. హక్కు పత్రికదా కుటుంబానిదా అన్నది వేరే చర్చ, ఎవరిదైనా మీది మాత్రం కాదు. ఇప్పుడు చూడండి. డబ్బిచ్చి కొన్న సంచిక కోసి అంటిస్తే మీరు కొత్తగా కాపీ ఏదీ తీయలేదు, బయట తిరుగుతున్న కాపీనే ఇంకోచోట పెట్టారు. స్కాన్ తీసి ప్రింట్ వేస్తే తీసింది అచ్చమైన కాపీ. అంటే సంచికని కాపాడే దారిలో వెళ్తే చట్టం అడ్డం, చట్టాన్ని కాపాడే దారిలో వెళ్తే సంచిక ముక్కలు. నాకైతే భలే నవ్వొచ్చింది.

అలాగని కోసేవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవద్దు. అదే చట్టంలో 57వ సెక్షన్ అని ఒకటుంది, కళాకారుడి పేరు చెడేలా పనిని పాడుచేస్తే ఆయన అడగొచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తను చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకి గోదాములో పడేస్తే శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెళ్ళాడు, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చి 5 లక్షలు కట్టమంది. వేల కాపీలు అచ్చయిన అట్టకి అది పట్టదనే నా అభిప్రాయం, కానీ నేను జడ్జిని కాను. ఇంకోటి, మీ కొలాజ్‌ని మళ్ళీ పోస్టర్లుగా వేసి అమ్మారనుకోండి, అప్పుడు కథ మొత్తం మారిపోతుంది. అమెరికాలో జెఫ్ కూన్స్ అనే ఆర్టిస్టు ఒక ఫ్యాషన్ ఫొటోలోని కాళ్ళు తన పెయింటింగ్‌లో వాడుకుని 2006లో కేసు గెలిచాడు, అదే దేశంలో గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా ఆర్టిస్టు ఆండీ వార్హోల్ చేసిన బొమ్మని పత్రికకి లైసెన్స్ ఇచ్చిన కేసులో వార్హోల్ ఫౌండేషన్ 2023లో సుప్రీంకోర్టులో 7-2 తేడాతో ఓడిపోయింది. మీరు ఏ గట్టున పడతారో ముందే చెప్పగలిగే లాయరు దొరికితే ఆయన ఫీజు మీరు భరించలేరు.

బైండింగ్_మావయ్య:
ఇంత చర్చలో ఆ పలక మీద ఏ జిగురు పూశాడో ఎవరూ అడగలేదు. ఫొటోలో చూస్తే ఫెవికాల్ నేరుగా పట్టించినట్టుంది. ఒకసారి ఆరిందంటే దేవుడొచ్చినా ఊడదీయలేడు. ఆ చవక కాగితంలో లిగ్నిన్ అని చెక్కలోంచి వచ్చే పదార్థం ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ ముదిరి పెళుసైపోతుంది, మీరు గోడకెక్కించి లైటు వేస్తే ఇంకా త్వరగా. ప్లైవుడ్ కూడా దానికి మంచిది కాదు. మా నాన్న మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసేవాడు. అలా అంటించిన పుస్తకాన్ని తడి గుడ్డ వేసి నేనిప్పటికీ విప్పుతున్నా, అబ్బాయ్. ఎప్పటికీ ఊడనట్టు అంటించేవాడు తూకం నుంచి కాపాడానంటే నేనొప్పుకోను, తూకానికి పోయినా గుజ్జయి మళ్ళీ కాగితమైనా అవుతుంది.

కత్తెరమేళం:
మావయ్యగారూ, ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అది ఫెవికాలే, సగం నీళ్ళు కలిపి. మైదా పిండి ఈ వారమే ఉడికిస్తాను, మైలుతుత్తం ఎంత వేయాలో కొలత చెప్పండి.

కార్నెల్ గురించి టీచరమ్మగారు చెప్పింది కూడా రాత్రంతా బుర్రలో తిరిగింది. కానీ ఆయన బొమ్మలు గాజు వెనకాల పెట్టెలో ఉంటాయి, చూసేవాళ్ళకి అంచు అందదు. నా పలకని జనం వేలితో తడుముతారు, వద్దన్నా తడుముతారు. ఆ వేలికి నకలు తెలిసిపోతుంది. అందుకే అసలు కాగితాన్ని వదలను. ఇందులో స్వార్థం ఉందా అంటే ఉంది.

సంచికలసంచి గారితో మాత్రం ఒక బేరం. ఇకపై కట్ట కొనగానే నెల, సంవత్సరం, ఏ పేజీలు ఉన్నాయో ఇక్కడ రాస్తాను. పదిహేను రోజులు ఎవరూ అడగకపోతే కత్తెర నాది. మొన్న తెచ్చిన కట్టతో మొదలుపెడుతున్నా: 1963 ఆగస్టు, అట్ట లేదు. 1958 జనవరి, అట్ట ఉంది, చివరి పన్నెండు పేజీలు లేవు. 1952 మార్చి, అట్ట మాత్రమే. 1971వి రెండు, బాగా తడిసినవి.

బ్రష్_పట్టినోడు:
సరే, ముఖర్జీ బొమ్మలు చూశాను. ఆయన సంగతి వేరు. మీ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

సంచికలసంచి:
ఆగండాగండి. 1952 మార్చి అట్టా? మా ఇంట్లో 1952 మార్చి పేజీలన్నీ ఉన్నాయి, అట్ట ఒక్కటే లేదు. కత్తెర కింద పెట్టి మెసేజ్ చూసుకోండి, ఇప్పుడే పంపాను.