అప్పుకు వెళ్లే ముందు ప్లాన్ రాయాలా, ముందు అమ్మి చూపించాలా?

కొత్తఅడుగు: చిన్న తయారీ యూనిట్ పెడుతున్నాను. బ్యాంకులో అయిదేళ్ల అంచనాలు అడిగారు. ఇంకా ఒక్క కస్టమరూ లేడు, అయిదో ఏడు అమ్మకం ఎంతని రాయను?

సొంతచెమట: ముందు అమ్మండి. ఆ కాగితాలు ఎవరూ చదవరు. నాది 40 పేజీల ప్లాన్. మేనేజరు నేరుగా చివరి పేజీ తిప్పి, "పూచీ ఏం పెడతారు?" అన్నాడు.

లెక్కలపుస్తకం: అయిదో ఏడు ఎవరికీ తెలియదండీ. మొదటి 12 నెలలకు డబ్బు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నది మాత్రం రాయొచ్చు. కొన్నవాడు 60 రోజులకు ఇస్తాడు, ముడిసరుకువాడికి మీరు 15 రోజుల్లో కట్టాలి. మధ్యలో 45 రోజులు మీ డబ్బే తిరగాలి. అమ్మకం రెట్టింపైతే ఆ అవసరమూ రెట్టింపే. లాభాల్లో ఉండి కూడా చేతిలో డబ్బాడక మూతపడేది ఇక్కడే.

సొంతచెమట: అసలు 60 రోజులు అరువివ్వమని ఎవరన్నారు? నేను సగం అడ్వాన్సు తీసుకునే పంపుతాను.

లెక్కలపుస్తకం: మీకిస్తారు. కొత్తవాడికి ఎవరిస్తారు?

దారినపోయేవాడు: మారటోరియం అడగండి, అంటే మొదటి కొన్ని నెలలు వాయిదాలు కట్టనక్కర్లేని గడువు. కాకపోతే ఆ నెలల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

సొంతచెమట: అడిగితే కొత్తవాడికీ అడ్వాన్సు ఇస్తారు. 60 రోజులకు ఒప్పుకోవడమే తప్పు.

లెక్కలపుస్తకం: 60 కాకపోతే 30 అనుకోండి, లోటు లోటే! మీకు కుదిరిందని అందరినీ లెక్క లేకుండా దూకమనకండి.

సొంతచెమట: నాకు కుదిరిందని ఎవరు చెప్పారు మీకు? ఆ 40 పేజీల్లో మీరు చెప్పే పట్టికా ఉంది. అప్పొచ్చింది. పెద్ద ఆర్డరు ఒక్కటి రద్దయింది. లిమిటెడ్ కంపెనీ కదా, నష్టం కంపెనీతోనే పోతుందనుకున్నాను. ఇల్లు తనఖా పెట్టి, హామీ సంతకం చేసింది నాన్న. ఖాళీ చేసిన రోజు పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి వచ్చి, తాళంచెవులు ఇచ్చేశాడు. ఏం ఆపింది మీ పట్టిక?

లెక్కలపుస్తకం: ఈ సంగతి నాకు తెలియదు, క్షమించండి. ఒక్కటి అడుగుతాను. ఆ ఆర్డరు రాకపోతే ఎన్ని నెలలు వాయిదా కట్టగలరో అందులో ఉందా?

సొంతచెమట: లేదు. అది బ్యాంకు కోసం రాయించింది. అయినా ఉంటే మాత్రం? ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించకూడదంటాను నేను.

లెక్కలపుస్తకం: పూచీ లేకుండా అప్పు పుట్టడం కష్టం. అది వద్దంటే వాటా ఇచ్చి భాగస్వామిని తెచ్చుకోవాలి.

సొంతచెమట: వాటా పోతే పోనీ.

కొత్తఅడుగు: ముందే చెప్పాల్సింది. నేను పూచీ పెడుతున్నది అమ్మ పేరున ఉన్న స్థలం. ఇవాళ రాత్రి పెద్ద ఆర్డరు తీసేసి పట్టిక మళ్లీ వేస్తాను. సంతకం సోమవారం.