55 అంగుళాల టీవీకి 8కె అవసరమా, 4కె చాలా?

పాతరిమోట్:
మా హాల్లో ఉన్న 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి తెర మధ్యలో గీత పడింది, మార్చక తప్పదు. సోఫాకీ గోడకీ మధ్య రెండున్నర మీటర్ల దూరం ఉంది. 55 అంగుళాలకు మించి గోడ మీద చోటు లేదు. షాపులో 8కె టీవీ చూశాక కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. పక్కనే ఉన్న 4కె వెలవెలబోయినట్టు కనిపించింది. కానీ రేటులో తేడా మామూలుగా లేదు. ఇంట్లో నాన్నగారు ఎక్కువగా పాత సినిమాలు చూస్తారు, నేను రాత్రిళ్లు ఓటీటీలో సిరీస్‌లు. అంత డబ్బు పెట్టాక తేడా తెలియకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

నీలితెర:
టీవీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడతాం కదండీ. రేపు అన్నీ 8కెలోనే వస్తాయి. చేతిలో డబ్బు ఉంటే 8కెకే వెళ్లండి.

కత్తెరబల్ల:
పాతరిమోట్ గారూ, నేను వీడియో ఎడిటింగ్, కలర్ కరెక్షన్ పని చేస్తాను. రోజంతా తెరల ముందే ఉంటాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: మీరు కూర్చునే దూరానికి 8కె వద్దు.

మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు వరకే రెండు చుక్కల్ని విడివిడిగా పట్టుకోగలదు. 55 అంగుళాల తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. అందులో 4కె అంటే అడ్డంగా 3840 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. వాటిని విడిగా చూడాలంటే తెరకు సుమారు 1.1 మీటర్ల దగ్గరికి రావాలి. 8కె పిక్సెళ్లు వాటిలో సగం వెడల్పే కాబట్టి అర మీటరు దగ్గరికి రావాలి, అంటే చెయ్యి చాపితే తెర తగిలేంత దూరం. ఆ మాటకొస్తే 4కె వాటికి రెట్టింపు వెడల్పుండే 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లు కూడా 2.2 మీటర్లు దాటితే కలిసిపోతాయి. మీరు దానికన్నా వెనకే కూర్చుంటున్నారు. చూపు బాగా చురుగ్గా ఉన్నవాళ్లకు కాస్త తేడా తెలుస్తుందేమో గానీ, అంతకు మించి ఏమీ ఉండదు.

మరి షాపులో ఎందుకంత బాగుంది? అక్కడ మీరు తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి ఉంటారు. పైగా షాపు మోడ్‌లో వెలుతురు, రంగులు చివరిదాకా పెంచేస్తారు. నడిపించేది కూడా పువ్వులు, చిలకలు, సముద్రాలతో దానికోసమే తీసిన వీడియో.

నీలితెర గారి మాట మీద ఒకటి చెప్పాలి. జపాన్‌లో ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె 2018 డిసెంబరు 1న 8కె ఛానెల్ మొదలుపెట్టింది. ఇన్నేళ్లయినా పెద్ద ఓటీటీల్లో సినిమాలు 4కె దగ్గరే ఆగి ఉన్నాయి. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కూ 4కెనే. యూట్యూబ్‌లో 8కె వీడియోలు ఉన్నాయి, కానీ వాటికోసం ఎవరూ టీవీ కొనరు.

ఇక నాన్నగారి పాత సినిమాలు. హెచ్‌డీ కాని మామూలు ఎస్‌డీ ఛానెల్‌లో ఫ్రేముకు 720 అడ్డం, 576 నిలువు, అంటే 4 లక్షల పైచిలుకు పిక్సెళ్లు వస్తాయి. 8కె తెరలో 3 కోట్ల 30 లక్షలు. వచ్చిన ఒక్కో చుక్కకు టీవీ దాదాపు 80 చుక్కలు నింపుకోవాలి. లేని వివరాన్ని ఎంత మంచి చిప్ అయినా ఊహించుకోవాల్సిందే. మొహాలు మైనం పూసినట్టు నున్నగా తయారయ్యేది అందుకే.

డబ్బు పెట్టాల్సింది నలుపు మీద. రాత్రి సీన్, నల్లకోటు వేసుకున్న మనిషి, చేతిలో లాంతరు అనుకోండి. నాసిరకం తెర మీద నలుపంతా బూడిద రంగుకు తిరిగి, కోటు మడతలు దాని వెనక గోడలో కలిసిపోతాయి. ఓలెడ్ రకం తెరలో ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెల్ ఆరిపోతుంది కాబట్టి మడత మడతగా కనిపిస్తుంది, లాంతరు మంట కూడా మండుతున్నట్టే ఉంటుంది. ఎల్‌సీడీలోనూ లోకల్ డిమ్మింగ్, అంటే తెర వెనక దీపాల్ని భాగాల వారీగా తగ్గించే ఏర్పాటు, బాగా ఉన్నవి దీనికి దగ్గరగా వస్తాయి. రంగులు, వెలుతురు సరిదిద్దే గ్రేడింగ్ చేసేటప్పుడు మేం గంటల కొద్దీ కుస్తీ పట్టేది ఆ మడతల కోసమే. అవి ఇంట్లో తెర మీద మాయమైతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బాగా వెలుగున్న చోటునీ చీకటినీ ఒకేసారి చూపించే హెచ్‌డీఆర్ అన్న ముద్ర చూసి మాత్రం తొందరపడకండి. ఆ సిగ్నల్ తీసుకోగలదని తప్ప, దాన్ని సరిగ్గా చూపిస్తుందని దాని అర్థం కాదు. హెచ్‌డీఆర్ సినిమాల్ని తరచూ 1000 నిట్ల (తెర వెలుతురుకు కొలత) వెలుతురుకు గ్రేడ్ చేస్తారు. చవక తెరలు 300 దగ్గరే చేతులెత్తేస్తాయి.

దగ్గరచూపు:
దూరం లెక్క ఒప్పుకుంటాను, కానీ అందరూ సోఫాలో కూర్చోరు. నేను 43 అంగుళాల 4కె టీవీని కంప్యూటర్‌కు పెట్టుకుని మీటరు దూరం నుంచి వాడతాను. ఇదివరకు అదే సైజు ఫుల్ హెచ్‌డీలో అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించేవి. ఇప్పుడు అచ్చులో చదివినట్టు ఉంది. నాకైతే 4కె పైసా వసూల్.

కత్తెరబల్ల:
నిజమే, ఆ సైజులో ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లు 1.7 మీటర్ల వరకూ తెలుస్తాయి. మీ వాడకానికి 4కె తప్పనిసరి.

పాతరిమోట్:
అలాగైతే నాకు ఫుల్ హెచ్‌డీయే చాలు కదా కత్తెరబల్ల గారూ?

కత్తెరబల్ల:
కంటికి చాలు. కానీ 55 అంగుళాల్లో మంచి ప్యానెళ్లన్నీ ఇప్పుడు 4కెలోనే తయారవుతున్నాయి. నలుపు, హెచ్‌డీఆర్ బాగున్నది ఎంచుకుంటే 4కె దానంతటదే వచ్చేస్తుంది. షాపుకు వెళ్లేటప్పుడు ఓ చీకటి సీన్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. పిక్చర్ మోడ్ సినిమాకు మార్చమని, మీ హాల్లో ఉన్నంత దూరం వెనక్కి జరిగి చూడండి. నాన్నగారు పక్క నుంచి చూస్తారంటే పక్కకీ జరిగి చూడండి, కొన్ని ఎల్‌సీడీల్లో అక్కడ రంగులు పాలిపోతాయి. మీరు చూసిన మోడళ్లు ఇక్కడ పెట్టండి, ఏ ప్యానెలో చూసి చెబుతాను.