పాత డీజిల్ వ్యాన్: సరుకుకీ మనుషులకీ ఒకే బండి కావాలంటే ఏం చూసి కొనాలి?

పక్క తలుపు:
తక్కువ బడ్జెట్‌లో పాత డీజిల్ వ్యాన్ చూస్తున్నాను. వారంలో ఐదు రోజులు 500 కిలోల దాకా సరుకు, మిగతా రెండు రోజులు డ్రైవర్‌తో కలిపి ఎనిమిది మంది. రెండు బేరాలున్నాయి. ఒకటి ఖాళీ కార్గో వ్యాన్. సీట్లు తర్వాత బిగించుకోవచ్చని అమ్మేవాళ్లు అంటున్నారు. రెండోది కంపెనీ నుంచే సీట్లతో వచ్చింది, వెనక ఏసీ కూడా ఉంది. రెండూ 2 లక్షల కిలోమీటర్లు దాటాయి. ఇంజిన్ ముందున్న బండి మేలా, సీటు కింద ఉన్నది మేలా? చూడ్డానికి వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాటా చీటీ:
ఇంజిన్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు బరువు లెక్క వేయండి. బండికి కంపెనీ బిగించిన ప్లేటు మీద ఉండే మొత్తం అనుమతి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీది. ఉదాహరణకి 2,800 లోంచి 1,950 తీస్తే 850 కిలోలు. మనిషికి 75 చొప్పున ఎనిమిది మంది 600, తలా 15 కిలోల సామాను 120. ఇక మిగిలింది 130. పైన క్యారియర్, వెనక లాగుడు హుక్కు, పెద్ద స్టెప్నీ బిగించారంటే అందులో సగం పోయినట్టే. కాగితంలో రాసిన ఖాళీ బరువులో డ్రైవర్‌ని కలిపారో లేదో కూడా చూడండి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. అన్నిటికన్నా మంచిది ట్యాంకు నింపి కాటా వేయించడం.

మొత్తం బరువు సరిపోయినా వెనక ఇరుసు తన పరిమితి దాటిపోవచ్చు, చాలామంది చూడనిది ఇదే. చక్రాల మధ్య దూరం 3 మీటర్లు ఉన్న బండిలో 100 కిలోలు వెనక ఇరుసుకి మీటరు అవతల పెడితే, వెనక పడే బరువు 100 కాదు, 133. ఆ 33 ముందు ఇరుసు మీంచి వస్తుంది. ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు తేలిపోతున్నట్టుంటుంది, వానలో బ్రేకు వేస్తే తేడా తెలుస్తుంది. బరువైన పెట్టెలు రెండో వరుస దగ్గర నేలమీద పెట్టాలి, డిక్కీలో కాదు.

టయర్లు కూడా ఈ లెక్కలోవే. సైజు చివర ‘సి’ అక్షరం (సరుకు బండి టయరు అన్న గుర్తు) ఉండాలి. లోడ్ ఇండెక్స్ 109 అంటే ఒక్కో టయరు 1,030 కిలోలు మోస్తుంది, 94 అంటే 670 కిలోలే. వెనక ఇరుసు పరిమితి 1,500 అయితే 94 టయర్లు రెండూ కలిపి 1,340. అమ్మే ముందు చవగ్గా కారు టయర్లు వేసేసిన బండి బోలెడు కనిపిస్తుంది. పక్కన ఉండే నాలుగంకెల తయారీ కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

పదమూడు నంబరు పానా:
ఇంజిన్ చల్లగా ఉండగానే చూడాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెట్టారంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి స్టార్టులో రెండు మూడు సెకన్లకు మించి గలగల వస్తే టైమింగ్ చైను (వాల్వుల్ని ఇంజిన్‌తో కలిపి తిప్పేది) సాగినట్టో, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్‌కి ఆయిల్ అందనట్టో అనుకోవాలి. చైను ఇంజిన్ అయితే ఖర్చే ఉండదనుకోకండి, ఆయిల్ మార్చడం ఆలస్యం చేసిన బండిలో సాగేది అదే. చైనుకి బదులు బెల్టు ఉన్న ఇంజిన్ అయితే అది మార్చిన బిల్లు అడగండి, నోటిమాట వద్దు. బిల్లులో బెల్టుతోపాటు టెన్షనరు, ఐడ్లరు, దానితోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా ఉండాలి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, హెడ్డు దించాల్సిందే.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి పైన ఊరికే ఆన్చి ఉంచండి. కాస్త ఆవిరి ఫర్వాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తే రింగులు అరిగాయి. ఇంజెక్టర్ల మొదట్లో తారులాంటి నల్లటి గట్టి మడ్డి, ‘చుస్ చుస్’ శబ్దం ఉంటే కింద రాగి వాషరు లీకు. వాషరు చిన్నదే, కానీ మడ్డిలో బిగుసుకున్న ఇంజెక్టర్‌ని ఊడదీయడం ఒక రోజు పని. సైలెన్సర్‌లో నీలం పొగ ఆయిల్ కాలడం. నలుపు అంటే గాలి చాలకపోవడం గానీ డీజిల్ ఎక్కువవడం గానీ. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే కూలెంట్ ట్యాంకులో బుడగలు వస్తున్నాయేమో చూడండి.

రోడ్డు మీద టాప్ గేరులో 50–60 వేగంలో యాక్సిలరేటర్ మొత్తం తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి బండి పెరక్కపోతే క్లచ్ జారుతోంది. ఇంజిన్ ఆపగానే దడదడ ఊగితే డ్యుయల్ మాస్ ఫ్లైవీలు (ఇంజిన్ కుదుపుల్ని మింగే రెండు ముక్కల చక్రం) అనుమానించండి. క్లచ్ సెట్టు కన్నా అదే ఖరీదు. వెనక చక్రాల డ్రైవ్ అయితే కదిలేటప్పుడు వచ్చే ‘టక్’ వెనక్కి శక్తినిచ్చే పొడుగు షాఫ్టు మీది క్రాస్ బేరింగులది, ఒక వేగం దగ్గర నేలలోంచి వచ్చే వణుకు సెంటర్ బేరింగుది.

కిందకి దూరితే కమాన్ కట్టల్లో పగుళ్లు, బుష్షులు, ఇంకొకటి మర్చిపోకుండా: కొన్ని వ్యాన్లలో వెనక ఇరుసుకీ బాడీకీ మధ్య చిన్న కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. లోడునిబట్టి వెనక బ్రేకుకి ప్రెషర్ ఇచ్చేది అదే. అదనంగా కమాన్ పట్టీ వేయించి బండి లేపితే ఆ వాల్వు ‘లోడు లేదు’ అనుకుంటుంది. నిండా సరుకున్నా వెనక బ్రేకు సగమే పనిచేస్తుంది. పట్టీ వేసినవాళ్లు దాన్ని మళ్లీ సెట్ చేయడం అరుదు.

ఇంజిన్ ఎక్కడుండాలన్నది మీ వాడకాన్నిబట్టి. 2004లో వచ్చిన టయోటా హైఏస్ 200 సిరీస్‌లా ముందు సీట్ల కింద ఉంటే అదే పొడవులో సరుకు చోటు ఎక్కువ వస్తుంది. కానీ పనికి సీటు లేపాలి, రేడియేటర్‌కి గొట్టాలు పొడుగు, కూలెంట్ మార్చాక గాలి పూర్తిగా తీయకపోతే వేడెక్కుతుంది. 2007 తరం హ్యుండాయ్ హెచ్-1లా ముక్కున్న బండికి చోటు తక్కువ, మెకానిక్‌కి సుఖం.

మూడో వరుస:
పైవాళ్లు చెప్పినదంతా సరే, కానీ ‘సీట్లు తర్వాత బిగించుకోవచ్చు’ అన్న మాట దగ్గరే ఆ మొదటి బేరం వదిలేయమంటాను. 75 కిలోల మనిషిని 20 జీ (సొంత బరువుకి 20 రెట్లు) తాకిడిలో పట్టి ఉంచాలంటే బెల్టు మీద 1,500 కిలోల బరువంత లాగుడు పడుతుంది. ముగ్గురు కూర్చునే బెంచీకే బెల్టులు ఉంటే 4,500, దానికి బెంచీ బరువు అదనం. కంపెనీ సీట్ల బండిలో దానికోసం నేల కింద దూలాలుంటాయి. కార్గో బండి నేల పలచని రేకు, బోల్టూ వాషరూ రేకుతో సహా ఊడొస్తాయి. ధ్రువీకరించిన సీటు కిట్టు వేయించి, రిజిస్ట్రేషన్‌లో సీట్ల సంఖ్య మార్పించి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెబితే వేరే మాట. అంతా చేసేసరికి రెండో బండి ధర దాటిపోతుంది.

ఇక సీట్ల బండిలో చూడాల్సింది వెనక ఏసీ, హీటరు పైపులు. బాడీ కింద నుంచి వెనక్కి వెళ్తాయి, మట్టి పేరుకున్న క్లిప్పుల దగ్గర తుప్పు తింటాయి. ముందు చల్లగా, వెనక గోరువెచ్చగా ఉంటే ‘గ్యాస్ కొట్టిస్తే చాలు’ అనే మాట నమ్మకండి. సీట్లు తీసి సరుకు వేసేటప్పుడు మనుషుల వరుస వెనక గట్టి జాలీ తప్పనిసరి.

పక్క తలుపు:
అయితే సీట్లదే చూస్తాను. దానికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది. వారంలో తిరిగేవన్నీ 6–7 కిలోమీటర్ల ట్రిప్పులే. పక్క తలుపు మూసేటప్పుడు చివర్లో కిందకి జారుతోంది కూడా.

పదమూడు నంబరు పానా:
ఆ ట్రిప్పులే డీపీఎఫ్‌కి శత్రువులు. లోపలి మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. దానికోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో ఆపేస్తే ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. గరిష్ఠ గీత దాటితే బండి నడపకండి. స్కానర్ పెట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో, ఇప్పుడు మసి ఎంతుందో కొనే ముందే చదివించండి. బూడిద మాత్రం ఎంత వేడికీ కాలదు, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి. వారానికోసారి హైవే మీద 20–25 నిమిషాలు ఒకే వేగంతో నడిపే వీలుంటే డీజిల్ తీసుకోండి. లేకపోతే పెట్రోలు వ్యాన్ వెతకండి, కొంచెం ఎక్కువ తాగినా సరే.

మూడో వరుస:
తలుపు సగం తెరిచి వెనక అంచు చేత్తో పైకెత్తండి. ఆట ఉంటే మధ్య పట్టా మీది రోలరు అరిగింది, తలుపు బరువులో ఎక్కువ దానిమీదే. రోలరు మార్చాకే లాక్ కొక్కెం సర్దాలి. రోలరు మార్చకుండా కొక్కేన్ని కిందకి దించారనుకోండి, తలుపు అప్పటికి పడుతుంది గానీ కింది రోలరు కూడా తినేస్తుంది. పట్టాకి గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి రాపిడి పేస్టులా తయారవుతుంది. తుడిచి, ఆరిపోయే రకం స్ప్రే కొట్టండి.