బెజవాడ పిల్లలకు సముద్రం పాఠం: సూర్యలంక బస్సెక్కించాలా, కాలువ గట్టు మీద మొదలుపెట్టాలా?

పటమట పంతులమ్మ

ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు సముద్రం, తీరం గురించి నెలకో పూట ఏడాదంతా చెబుదామని మా బడిలో నేనూ సైన్సు మాస్టారూ అడిగాం. మేనేజ్‌మెంట్ వాళ్ళు "అంతెందుకు, ఒకరోజు సూర్యలంక తీసుకెళ్ళండి, బీచ్‌లో చెత్త ఏరించండి, ఫోటోలు దిగి రండి" అన్నారు. పేరెంట్స్ మీటింగులో సగంమంది అదీ వద్దన్నారు. "మనకు సముద్రం ఎక్కడుందండీ?" అని ఒకాయన అడిగితే అందరూ తలలూపారు.

ఒక్కరోజు ట్రిప్పుకైతే నేను ఒప్పుకోను. పిల్లలు బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్ళి, కెరటాల్లో ఆడి, ఎవరో పారేసిన సీసాలు పదో పరకో ఏరి వస్తారు. ఆ సీసా అక్కడికి ఎలా చేరిందో ఎవరూ చెప్పరు. వచ్చే మీటింగులో మళ్ళీ మాట్లాడాలి. అనుకూలమైనా వ్యతిరేకమైనా మీ అభిప్రాయం రాయండి.

సత్యనారాయణపురం నాన్న

వ్యతిరేకమండి. పర్యావరణం పాఠం బళ్ళో తప్పనిసరిగా ఉండాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పుస్తకాల్లో ఉంది, పరీక్షలో వస్తోంది. మళ్ళీ అదనంగా ఎందుకు? తొమ్మిదికి వచ్చేసరికి పిల్లలకు ఉన్న టెన్షన్ చాలదా? పైగా నలభైమంది పిల్లల్ని ఇద్దరు టీచర్లు నీళ్ళ దగ్గర కాయగలరా?

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అన్నయ్య వాళ్ళు మేడ మీద కూర్చుని పడవ కోసం ఎదురు చూశారు. మన పిల్లలకు అది తెలియాలి. సముద్రపు తాబేళ్ళ సంగతి తీరంలో ఉన్నవాళ్ళు చూసుకుంటారు.

బందరు కాలువ గట్టు

మీ అన్నయ్యగారి కష్టం మా బంధువుల ఇళ్ళల్లోనూ చూశాం. అందుకే అడుగుతున్నా. బుడమేరు ఎక్కడికి పోతుంది? కొల్లేరుకు. కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది పూడినా, ఆక్రమణలతో ఇరుకైనా నీళ్ళు వెనకే నిలిచిపోతాయి. సముద్రం పోటు మీద ఉంటే ఇంకా నెమ్మదిగా దిగుతాయి. సింగ్‌నగర్ పిల్లాడికి బుడమేరు గురించి చెప్పేటప్పుడు కొల్లేరు దగ్గర ఆపేస్తే సగం పాఠమే అవుతుంది.

"మనకు సముద్రం ఎక్కడుంది" అన్నవాళ్ళని వేసవిలో కాలువలు కట్టేశాక ఒక్కసారి బందరు కాలువ వంతెన మీద నిలబడి కిందికి చూడమనండి. నీళ్ళుంటే ఏమీ కనబడదు. నీళ్ళు పోయాక బురదలో అన్నీ తేలతాయి. పాల ప్యాకెట్లు, పూజ పూలతో మూటగట్టిన ప్లాస్టిక్ సంచులు, అద్దం పగిలిన దేవుడి పటాలు, వినాయకుడి విగ్రహాల కర్రలు, తుప్పు పట్టిన చువ్వలు. మళ్ళీ నీళ్ళు వదలగానే అందులో తేలికైనవన్నీ కిందికి ప్రయాణం కడతాయి. కాలువ చివర ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళతోనే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. మిగిలింది డ్రెయిన్లలో పడి సముద్రానికి చేరుతుంది.

కాబట్టి పంతులమ్మ గారూ, మొదటి పాఠానికి బస్సు అక్కర్లేదు. రైవస్, ఏలూరు, బందరు, మూడు కాలువలూ మన ఊళ్ళోంచే పోతున్నాయి. మే నెలలో బడి ఉండదు కనుక కాలువ కట్టేసినప్పటి ఫోటోలు ముందే తీసి పెట్టుకోండి.

నదిది ఇంకో కథ. బ్యారేజీ దగ్గర కృష్ణని చూసి పిల్లలు నీళ్ళనే లెక్కపెడతారు. ఒండ్రు సంగతి ఎవరూ చెప్పరు. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతే దివిసీమ ఒడ్డుకు కొత్త మట్టి చేరదు. డెల్టా అంచుని అలలు కోసేస్తాయి. ఎగువన పొలాలకు నీళ్ళిచ్చిన ఆనకట్టే దిగువన నేల పెరగకుండా ఆపుతోంది. ఈ చిక్కు ఎనిమిదో తరగతి పిల్లలకు బాగానే అర్థమవుతుంది. పెద్దవాళ్ళమే దాని గురించి మాట్లాడం.

అరండల్‌పేట అమ్మ

గుంటూరు నుంచి రాస్తున్నా. కాలువ పాఠం మంచిదే. కానీ మీరు తీసుకెళ్ళకపోతే మన పిల్లలు సముద్రానికి వెళ్ళరనుకోకండి. ఇంటర్‌లో చేరగానే నలుగురు కలిసి బైకుల మీద సూర్యలంకో, చీరాల ఓడరేవో వెళ్తారు. సెలవు రోజుల్లో ఎవరో మునిగిపోయారన్న వార్త మనం చదువుతూనే ఉన్నాం. పాపం, వాళ్ళలో చాలామందికి సముద్రం లోపలికి ఎలా లాగుతుందో ఒక్కరూ చెప్పి ఉండరు.

అందుకని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. ఒడ్డున నిలబడి కెరటాలు విరిగే చోటు చూడండి. అటూ ఇటూ తెల్లగా నురగ వస్తూ, మధ్యలో ఒక చోట కెరటం విరగకుండా నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తాయి. ఒక్కోసారి అక్కడ నీళ్ళు ఇసుక కలిసి మడ్డిగా లోపలికి పోతుంటాయి. ఈత రానివాడు కెరటాలు లేవు కదా అని అక్కడే దిగుతాడు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. దాంట్లో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతాడు. కంగారు పడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావచ్చు. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే నీళ్ళలోకి దూకకూడదు. తాడో, ఖాళీ డబ్బానో విసరాలి, జాలరుల్ని కేకెయ్యాలి.

ఇది ఏ పరీక్షలోనూ రాదు. సత్యనారాయణపురం అన్నగారూ, మీ బాబుకి ఈ రాత్రే చెప్పండి.

నాగాయలంక నుంచి

మాది వేట చేసుకునే కుటుంబం. మా ఊళ్ళకు బస్సుల్లో పిల్లలొస్తారు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు మైకు పట్టుకుని సముద్రాన్ని ఎలా కాపాడాలో మాకు చెప్పి వెళ్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డున పెట్టి, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట మానేసేది మేమండీ. బాధ కలిగి రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

మా మడ అడవిలో యానాదులు పీతలు పట్టేటప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టండి. తెల్లమడ వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయి, చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. ఆకు నాకితే ఉప్పగా ఉంటుంది, అది తాగిన ఉప్పుని ఆకులోంచే బయటికి నెడుతుంది. పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది, దాన్ని తాకనివ్వకూడదు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు మండిపోతాయి. రొయ్య పిల్లలూ పండుగప్ప పిల్లలూ పెరిగేది ఈ నీళ్ళలోనే. మీరు ఆదివారం బజార్లో కొనే చేపకు పుట్టిల్లు ఇదని చెప్పండి.

రొయ్యల చెరువుల కోసం మడ ఎలా నరికారో కూడా చెప్పండి. ఆ చెరువుల యజమానుల పిల్లలు బెజవాడ హాస్టళ్ళలోనే చదువుతున్నారు. వాళ్ళని తప్పుపట్టమని నేననను, చెరువుల మీద మా ఊళ్ళోవాళ్ళూ బతుకుతున్నారు. కానీ 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేలమంది పోయారు. అలకు అడ్డుగా నిలిచే చెట్టు విలువేంటో ఆ పిల్లలకూ తెలియాలి.

సత్యనారాయణపురం నాన్న

అమ్మా, మీరు చెప్పింది రాత్రి మావాడికి బొమ్మ వేసి చూపించాను. కాలువ పాఠానికి, నీళ్ళ జాగ్రత్తలకు నేనిప్పుడు అడ్డు చెప్పను. ట్రిప్పు మీద నా మాట మాత్రం అదే. లైఫ్ జాకెట్లు, పదిమందికి ఒక పెద్ద, వెంట ఈత వచ్చిన జాలరి లేకుండా నా కొడుకుని పంపను. చదువు గంటలు తగ్గించడం కూడా కుదరదు, శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి.

పటమట పంతులమ్మ

శనివారం మధ్యాహ్నానికి నేను సిద్ధం. నాగాయలంక తమ్ముడూ, మీవాళ్ళు మా బడికి వచ్చి పాఠం చెబుతారా? వేట నిషేధం రోజుల్లో అయితే వీలవుతుందేమో.

నాగాయలంక నుంచి

వేట నిషేధం మొదలైన కొద్దిరోజులకే మీ బడులకు సెలవులిస్తారు మేడమ్. జనవరి, ఫిబ్రవరిలో పెట్టండి, తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ అప్పుడే. వచ్చిన మనిషి ఆరోజు వేట పోగొట్టుకుంటాడు, ఆ కూలి మాత్రం ఇవ్వాలి. శాలువా వద్దు. మీరు మా వైపు వచ్చేటట్టయితే తేదీ వేసుకునే ముందు అడగండి, పాటు, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గేది, ఏ వేళకో చూసి చెప్తాను. పోటు మీద వస్తే మడలో వేర్లు కనబడవు.