పోలియో చుక్కలకు ఒప్పుకున్నవారే బడిలో సూదికి ఎందుకు వెనకాడుతున్నారు?

ప్రశ్న (ఉపాధ్యాయిని, మలక్‌పేట, హైదరాబాద్):
పదేళ్లు నిండిన పిల్లలకు టీడీ టీకా (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది) వేయడానికి ఆరోగ్య సిబ్బంది వస్తున్నారని మా బడి నుంచి అంగీకార పత్రాలు పంపితే, చాలా పత్రాలు సంతకం లేకుండానే తిరిగి వచ్చాయి. వీరిలో చాలామంది పల్స్ పోలియో ఆదివారం నాడు పిల్లలను చంకనెత్తుకొని కేంద్రానికి తెచ్చినవారే. కంఠసర్పి (డిఫ్తీరియా) సోకిన పిల్లలు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వస్తూనే ఉన్న ఈ నగరంలో ఇంత వెనుకంజకు కారణం చదువు లేకపోవడమా, మతమా, వాట్సాప్ వదంతులా?

జవాబు (విశ్రాంత ఏఎన్‌ఎం, అంటే ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త, సికింద్రాబాద్):
టీచరు గారూ, చదువు మీదికి నెట్టేయకండి. బస్తీల్లో నేను ఎక్కువగా విన్నది, "సూది వేసి మీరు పోతారు, రాత్రంతా జ్వరంతో ఏడ్చే పిల్లను ఎత్తుకొని తిరిగేది నేను" అన్న మాట. పసిపిల్లలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేశాక జ్వరం రావడం, తొడ దగ్గర గట్టిపడటం మామూలే. ఆ సంగతి ముందే చెప్పి, పారాసిటమాల్ ఎంత వేయాలో చూపించిన ఇళ్లవారు తర్వాతి విడతకు తామే వచ్చేవారు, చెప్పని ఇళ్లలో అత్తగారు గుమ్మం దగ్గరే ఆపేసేవారు. ఇక పిల్లకు అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి పోచమ్మకు మొక్కుకునే తల్లే, తొమ్మిదో నెలలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకు కార్డు పట్టుకొని వరుసలో నిలబడటం ఎన్నోసార్లు చూశాను. భక్తిని టీకాకు శత్రువుగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు.

జవాబు (ఖమ్మం జిల్లావాడిని, ప్రస్తుతం ఉప్పల్):
సంతకం అనగానే మా జిల్లావాళ్లకు 2009 గుర్తొస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా బాలికలకు వేసినప్పుడు, హాస్టళ్లలో ఉన్న ఎందరో గిరిజన బాలికల తరఫున వార్డెన్లే సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో దానిని ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు గానీ, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. కన్నవారిని అడగకుండా వేసిన సూది ఎంత మంచిదైనా, ఆ తర్వాత వచ్చే ప్రతి సూది మీదా అనుమానం మిగులుతుంది.

జవాబు (యాకుత్‌పురా):
మా పాతబస్తీని మాత్రమే వేలెత్తి చూపడం అలవాటైపోయింది. దేశంలో పోలియో పోయిందని 2014లో ప్రకటించారు. 2016లో ఇక్కడి మురుగునీటిలో చుక్కల టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ కనిపించిందని, జూన్‌లో లక్షలాది పిల్లలకు మళ్లీ సూదితో పోలియో టీకా వేశారు. పోయిన జబ్బుకు సూది ఎందుకని తల్లిదండ్రులు అడిగితే అది మూఢత్వం కాదు, జవాబు చెప్పవలసిన ప్రశ్న.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అయితే పత్రం మళ్లీ పంపాలా?

విశ్రాంత ఏఎన్‌ఎం:
ముందు తల్లిదండ్రుల సమావేశానికి ఏఎన్‌ఎంనే పిలిపించండి, అమ్మమ్మలు, నానమ్మలు కూడా రావచ్చని రాయండి. పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి; ఏ జబ్బులకు టీకా, చెయ్యి ఎన్నాళ్లు నొప్పిగా ఉండవచ్చు, రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. రెండు రోజులు గడువిచ్చి, ఆ తర్వాతే సంతకం అడగండి.