రేస్ టు 5 గెలిచినవాడిని మెరుగైన ఆటగాడు అనొచ్చా?

నైన్‌బాల్_పిచ్చి:

అందరికీ నమస్కారం. ప్రొఫెషనల్ పూల్ రెగ్యులర్‌గా చూసేవాళ్ల అభిప్రాయం కావాలి. యూరప్, అమెరికా జట్లు ఆడే మోస్కోనీ కప్‌లో ఒక్కో మ్యాచ్ రేస్ టు 5, అంటే ముందుగా ఐదు ర్యాక్‌లు (ఒక్కో గేమ్‌ని ర్యాక్ అంటారు) గెలిచినవాడిదే మ్యాచ్. బ్రేక్‌లో, అంటే బంతుల గుంపుని చెదరగొట్టే మొదటి షాట్‌లో, ఒక్క బంతీ పడకపోయినా, అవతలివాడికి షాట్ దొరక్కుండా ఆడే సేఫ్టీ కాస్త అటూ ఇటూ అయినా అవతలివాడు రెండు మూడు ర్యాక్‌లు లాగేస్తాడు, ఇక తేరుకునే టైమే ఉండదు. ఇంకోపక్క 1996లో హాంకాంగ్‌లో ఎఫ్రెన్ రేయెస్, ఎర్ల్ స్ట్రిక్‌ల్యాండ్ ఆడిన మ్యాచ్ ఉంది, రేస్ టు 120. మూడు రోజులు ఆడారు, రేయెస్ 120-117తో గెలిచాడు. లక్ష డాలర్లూ గెలిచినవాడికే, ఓడినవాడికి ఏమీ లేదు. మూడు రోజుల ఆటకి తేడా మూడు ర్యాక్‌లు!

నా అనుమానం ఏంటంటే, మ్యాచ్ చిన్నదయ్యేకొద్దీ ఆటతో పాటు ఆటగాళ్ల ప్రవర్తన కూడా మారుతోంది. ప్రతి బంతికీ పిడికిలి బిగించి అరవడం, ప్రత్యర్థి వైపు చూసి సైగలు చేయడం, అవతలివాడు షాట్‌కి వంగినప్పుడు జనం కేకలు వేయడం. దీన్ని రైవల్రీ అనాలా, మర్యాద లేకపోవడం అనాలా? అసలు ఎన్ని ర్యాక్‌లు ఆడితే ఇద్దరిలో ఎవరు గొప్పో తేలుతుంది?

కట్‌షాట్:

ఎన్ని ర్యాక్‌లు అన్నదానికి లెక్క వేసి చూడొచ్చు బ్రో. ఇద్దరిలో ఒకడు కొంచెం మెరుగు, వంద ర్యాక్‌లు ఆడితే సగటున 55 గెలుస్తాడు అనుకుందాం. టాప్ లెవెల్‌లో ఇది చిన్న తేడా కాదు. ఒక ర్యాక్ ప్రభావం ఇంకో ర్యాక్ మీద పడదు అనుకుని లెక్కేస్తే, రేస్ టు 5 లో అతను గెలిచే అవకాశం సుమారు 62 శాతం. అంటే ప్రతి ఎనిమిది మ్యాచ్‌లలో మూడు తక్కువ ఆటగాడివే. రేస్ టు 13 కి పెంచినా అది 69 దగ్గరే ఉంటుంది. రేస్ టు 100 కి వెళ్తేనే 92 దాటుతుంది.

జనం ఇక్కడే పొరబడుతున్నారు. 5 నుంచి 9 కో 11 కో పెంచేస్తే న్యాయం జరిగిపోతుంది అనుకుంటారు, కానీ ఆ పెంపుతో వచ్చేది కొన్ని శాతాలే. మెరుగైనవాడు కచ్చితంగా తేలాలంటే రోజుల తరబడి ఆడాలి, 128 మందో 256 మందో ఉన్న టోర్నీలో అది కుదిరే పని కాదు. ఒక్క మ్యాచ్ చూసి ఎవరు గొప్పో తేల్చేయకుండా, సీజన్ మొత్తం ఎవడు ఎన్నిసార్లు చివరి రౌండ్లకి వస్తున్నాడో చూడాలి.

అలాగని పొడవు వల్ల లాభం లేదని కాదు. వరల్డ్ నైన్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఒకప్పుడు రేస్ టు 17 ఉండేది. 2005లో పదహారేళ్ల వూ జియాచింగ్ 12-16తో వెనకబడి, వరసగా ఐదు ర్యాక్‌లు గెలిచి 17-16తో ఛాంపియన్ అయ్యాడు. తర్వాత ఫైనల్‌ని 13 కి తగ్గించారు, ఇప్పుడు మళ్లీ 15 చేశారు. 2024లో ఫెడోర్ గోర్స్ట్ ఎక్లెంట్ కాచీ మీద గెలిచింది 15-14తో, 2025లో అదే గోర్స్ట్ కార్లో బియాడో చేతిలో 13-15తో ఓడాడు. ఫైనల్‌కి ఈ పొడవు సరిపోతుందనే నా అభిప్రాయం. ఓడినవాడికి కూడా తన ఆట ఆడే అవకాశం దొరుకుతుంది.

పాత_క్యూ:

కట్‌షాట్ గారు చెప్పిన లెక్కలో తప్పేం లేదు. కానీ రేస్ టు 5 ని లాటరీ అన్నట్టు మాట్లాడితే మాత్రం నేను ఒప్పుకోను. మీరు వేసిన లెక్కలో ఆటగాడు ప్రతి ర్యాక్‌లో ఒకేలా ఆడతాడు. టేబుల్ దగ్గర అలా ఎవడూ ఆడడు. హిల్-హిల్ దగ్గర, అంటే ఇద్దరికీ ఇంకొక్క ర్యాకే కావాల్సిన చోట, రోజూ కళ్లు మూసుకుని వేసే బంతి కూడా పాకెట్ అంచుకి తగిలి బయటికి వచ్చేస్తుంది. ఆ టెన్షన్‌లో చెయ్యి వణక్కుండా ఉండటం కూడా ఆటలో భాగమే. యూరప్ 2010 నుంచి 2017 వరకు వరసగా ఎనిమిది సార్లు మోస్కోనీ కప్ గెలిచింది. చిన్న మ్యాచ్‌లు వట్టి అదృష్టమే అయితే ఎనిమిదేళ్లూ ఒకే వైపు ఎలా తేలింది? చిన్న రేస్‌లు చాలా కలిస్తే అదీ పొడవాటి పోటీయే.

రైవల్రీ విషయానికొస్తే, అది ర్యాక్‌ల సంఖ్య వల్ల పుట్టదు. 1978లో విల్లీ మోస్కోనీ, మిన్నెసోటా ఫ్యాట్స్ అమెరికన్ టీవీలో ఆడారు. మోస్కోనీ ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్, 1954లో స్ట్రెయిట్ పూల్ అనే ఇంకో రకం పూల్ ఆటలో మిస్ లేకుండా 526 బంతులు వేసిన మనిషి. ఫ్యాట్స్ బలమంతా మాటల్లో. ఎవరు గెలుస్తారో ఆట తెలిసినవాళ్లకి ముందే తెలుసు, మోస్కోనీయే గెలిచాడు కూడా. అయినా అంతమంది టీవీల ముందు కూర్చున్నారంటే ఆ ఇద్దరికీ పడదని అందరికీ తెలుసు కాబట్టి. ఒకడు ఆటని పూజలా చూసేవాడు, ఇంకొకడు దాన్ని తమాషా చేసి బతికినవాడు. ఆ గొడవలో నిజం ఉంది. ఇప్పుడు కెమెరా కోసం ముందు రోజు మాట్లాడించే మాటల్లో నాకు అది కనపడదు.

ఇంకో మాట. పూల్‌లో మీ ప్రత్యర్థి ఆడుతుంటే మీరు కుర్చీలో కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. టెన్నిస్‌లోలాగా బంతి తిరిగి కొట్టే వీలు ఉండదు. చిన్న రేస్‌లో ఆ కుర్చీలోంచి ఒక్కసారి లేచేసరికే స్కోరు 0-3 అవుతుంది. ప్రవర్తన చెడేది ఆ నిస్సహాయత వల్లే అని నా నమ్మకం, కసి వల్ల కాదు.

సేఫ్టీ_ఫస్ట్:

కుర్చీ గురించి పాత_క్యూ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ప్రవర్తన గురించి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, కొంచెం పొడవైనా చదవండి.

టీవీ టేబుల్ వదిలేస్తే చాలా టేబుళ్ల దగ్గర రిఫరీ ఉండడు. ఇద్దరే ఉంటారు. క్యూ బాల్ (క్యూ కర్రతో కొట్టే తెల్ల బంతి) ముందు ఏ బంతికి తగిలింది, తగిలాక ఏదైనా బంతి కుషన్‌ని, అంటే టేబుల్ అంచుని, తాకిందా లేదా, ఒక్కోసారి ఆ షాట్ ఆడినవాడికి మాత్రమే తెలుస్తుంది. తన ఫౌల్ తానే చెప్పి, క్యూ బాల్ తీసి అవతలివాడి చేతికి ఇవ్వాలి. ఈ ఆట మొత్తం దాని మీదే నిలబడి ఉంది. మూడు ఫౌల్స్ రూల్ చూడండి. వరసగా మూడు ఫౌల్స్ చేస్తే ర్యాక్ పోతుంది, కానీ రెండు అయ్యాక ఆ సంగతి అతనికి చెప్పి తీరాలి, చెప్పకపోతే మూడోది లెక్కలోకి రాదు. రిఫరీ లేని చోట ఆ హెచ్చరిక ఇవ్వాల్సింది ప్రత్యర్థే, అంటే చెప్తే నష్టపోయేవాడే. నాకు ఈ ఆటలో చాలా ఇష్టమైన రూల్ ఇది.

జనం అరుపులు నాకు పెద్ద సమస్య కాదు. ఇద్దరికీ ముందే తెలుసు, ఇద్దరి మీదా సమానంగా పడతాయి. నాకు ఒళ్లు మండేది షార్కింగ్ చూసినప్పుడు. అవతలివాడు షాట్‌కి వంగగానే సరిగ్గా అతని చూపు వెళ్లే దారిలో లేచి నిలబడటం, అప్పుడే ఐసు ముక్కలు గలగలలాడించడం, వరసగా ర్యాక్‌లు పడుతున్నప్పుడు లయ చెడగొట్టడానికి బాత్‌రూమ్ బ్రేక్ అడగడం. ఇవన్నీ చేసి కూడా ఏమీ చేయనట్టు ఉండొచ్చు. స్ట్రిక్‌ల్యాండ్ జనంతో, రిఫరీలతో గొడవ పడ్డాడని అందరూ అతన్ని తిడతారు. అదంతా బాహాటంగా జరిగింది, అందరూ చూశారు. నాకు చాటుగా చేసేవాళ్ల మీదే ఎక్కువ కోపం.

పొడవుకీ మర్యాదకీ సంబంధం ఉందా అంటే ఉంది. 2002లో కార్డిఫ్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ గుర్తు చేసుకోండి. టోర్నీ మధ్యలో ఫ్రాన్సిస్కో బుస్టమంటేకి తన పసికూతురు చనిపోయిందని కబురు వచ్చింది. అయినా ఆడుతూ ఫైనల్ దాకా వచ్చాడు, స్ట్రిక్‌ల్యాండ్ చేతిలో 17-15తో ఓడాడు. అలాంటి ఫైనల్‌లో అన్ని ర్యాక్‌ల పాటు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి ఒకరి బరువు ఒకరికి తెలియకుండా పోదు. బుస్టమంటే 2010లో ఆ టైటిల్ గెలిచాడు, దాన్ని మించి నేను సంతోషపడిన ఫైనల్ లేదు.

నైన్‌బాల్_పిచ్చి:

థాంక్స్ అన్నా, బుస్టమంటే సంగతి నాకు తెలియదు, చదువుతుంటే మాట రాలేదు. ఇంకో డౌట్. కుర్చీలో కూర్చోవడమే సమస్య అయితే బ్రేక్ ఒకరి తర్వాత ఒకరికి ఇస్తే సరిపోదా? చిన్న రేస్‌లోనూ ఇద్దరికీ టేబుల్ దొరుకుతుంది కదా?

కట్‌షాట్:

దొరుకుతుంది, కానీ దానివల్ల ఇంకోటి పోతుంది. గెలిచినవాడిదే బ్రేక్ అయితే 2-8 నుంచి కూడా ఒక్కసారి టేబుల్ దక్కించుకుని వరసగా లాగేయొచ్చు. బ్రేక్ మారుతూ ఉంటే అంత వెనకబడ్డాక పైకి రావాలంటే అవతలివాడి బ్రేక్‌లు కూడా పదేపదే గెలవాలి, అది చాలా కష్టం. ముందున్నవాడికి తన బ్రేక్‌లు కాపాడుకుంటే చాలు. నా మటుకు రేస్ టు 5 అయితే బ్రేక్ మారాలి, 13 దాటితే గెలిచినవాడికే ఇవ్వాలి.

పాత_క్యూ:

దీంతో ఏకీభవిస్తున్నా. కొన్ని టెన్‌బాల్ టోర్నీల్లో నాలుగేసి ర్యాక్‌ల రెండు సెట్లు పెట్టి, చెరొకటి గెలిస్తే షూటౌట్‌తో తేలుస్తున్నారు, అది మాత్రం నాకు అస్సలు నచ్చదు. అంతసేపు సేఫ్టీలు, క్యూ బాల్‌ని ముందు కుషన్‌కి కొట్టి ఆడే కిక్ షాట్‌లు ఆడినవాళ్లని చివరికి ఒకే రకం షాట్ మళ్లీ మళ్లీ కొట్టమనడం ఏంటి? టైమ్ కావాలంటే 30 సెకన్ల షాట్ క్లాక్ ఉంది, దాన్ని మొదటి రౌండ్ నుంచి అన్ని టేబుళ్ల దగ్గరా పెట్టండి. మిగిలిన టైమ్‌లో మూడో సెట్ ఆడించండి.

సేఫ్టీ_ఫస్ట్:

షాట్ క్లాక్ అన్ని టేబుళ్లకీ పెడితే దాన్ని చూసుకునే మనిషి కూడా ప్రతి టేబుల్ దగ్గరా ఉంటాడు. షార్కింగ్ చేసేవాళ్లకి సగం ధైర్యం అక్కడే పోతుంది. నా ఓటు దానికే.