పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఆర్సీఎం (రోమన్ కతోలిక) చర్చికి పోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మిర్యాలగూడ)
చిన్నప్పుడే జ్ఞానస్నానం (బాప్తిస్మం), మొదటి సత్ప్రసాదం అయినయి. చర్చిలో పూజకు పోక పదిహేనేళ్లు. పెళ్లి హిందూ అమ్మాయితో, రిజిస్ట్రార్ ఆఫీసులో. మధ్యలో వేరే క్రైస్తవ సహవాసంలో నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చిండ్రు. ఇప్పుడు మళ్లీ జ్ఞానస్నానం తీసుకోవాల్నా? విశ్వాసం మీద కొన్ని అనుమానాలు ఇంకా పోలేదు. పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) చేయొచ్చా?

జవాబు (నల్లగొండ)
అక్కర్లేదన్నా, అడిగినా ఇవ్వరు. జ్ఞానస్నానం ముద్ర ఒక్కసారే, అది చెరగదు. తర్వాత ముంచింది లెక్కలోకి రాదు. ముందు జ్ఞానస్నాన పత్రం తీయించుండ్రి. ఊళ్లోని చిన్న గుడిలో ఇచ్చినా రిజిస్టరు విచారణ కేంద్రంల (ఆ ప్రాంతపు ఊళ్లన్నిటికీ ఫాదర్ ఉండే ప్రధాన చర్చిల) ఉంటది. మీరు పుట్టినప్పుడు మీ ఊరు ఏ విచారణ కింద ఉండెనో పెద్దోళ్లను అడగండి, తర్వాత మారి ఉండొచ్చు. ఆధార్ పేరు చెప్తే చాలాసార్లు దొరకదు. బడిలో ఒక పేరుంటది, రిజిస్టర్ల శౌరయ్య అనో, ఇన్నయ్య అనో, చిన్నప్ప అనో ఉంటది. అమ్మానాన్నల పేర్లు, జ్ఞానతండ్రి (జ్ఞానస్నానంల సాక్షిగ నిలిచినాయన) పేరు, పుట్టిన ఏడాది రాసుకొని పోండి.

జవాబు (నకిరేకల్)
అసలు చిక్కు పెళ్లిది. కతోలికులకు గురువు ముందు, ఇద్దరు సాక్షుల ఎదుట జరిగిందే చెల్లుతది. రిజిస్ట్రార్ పెళ్లి సర్కారుకు సరే, శ్రీసభకు (కతోలిక చర్చికి) సరిపోదు. అది సరిచేసుకోకుండ పాపసంకీర్తనానికి పోతే ఫాదర్ గారు పాపవిమోచనం ఆపొచ్చు. కాబట్టి సంకీర్తన పీట దగ్గర కాదు, ముందు ఆఫీసు గదిలో కూర్చొని పెళ్లి సంగతి చెప్పండి. అవతలివారికి జ్ఞానస్నానం లేదు కనుక పీఠాధిపతుల (బిషప్ గారి) నుంచి మినహాయింపు రావాలె. ఆ అర్జీ ఫాదర్ గారే పంపుతరు.

ప్రశ్న అడిగినవారు
ఆమె మతం మారాల్నా? చర్చిలో మళ్లీ పెళ్లంటే ఒప్పుకోదేమో.

జవాబు (నకిరేకల్)
మారనక్కర్లేదు. విశ్వాసం విడువనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తనని మాట ఇవ్వాల్సింది మీరు. ఆ మాట సంగతి ఆమెకు తెలిసి ఉండాలె, అంతే. చర్చిలో మళ్లీ ప్రమాణం ఆమెకు ఇష్టం లేకపోతే పాత సమ్మతినే మూలం నుంచి చెల్లుబాటు చేసే దారి ఉంది, దానికి పీఠాధిపతుల ఉత్తర్వు కావాలె. ఇద్దరూ కలిసి బతకాలనే సమ్మతి మాత్రం నిలిచి ఉండాలె. "మూలం నుంచి చెల్లుబాటు" అని పేరుపెట్టి అడగండి.

జవాబు (మహబూబ్‌నగర్)
అనుమానాల గురించి భయపడకండి. మనసుకు అడ్డం తగిలే ప్రశ్న వేరు, తెలిసి తెలిసి సత్యాన్ని తోసేయడం వేరు. సత్యోపదేశం (కతోలిక విశ్వాస బోధల పుస్తకం) 2088వ పేరా ఈ రెంటినీ విడదీసే చెప్తది. ప్రశ్నలున్నయని ఫాదర్ గారికే చెప్పండి.

సంకీర్తనానికి ముందురోజు పది ఆజ్ఞల వరుసన ఆత్మశోధన చేసుకోండి. చావైన పాపాలకు (తెలిసి, కావాలని చేసిన ఘోర పాపాలకు) రకం, ఎన్నిసార్లు అన్నది చెప్పాలె. పదిహేనేళ్ల లెక్క ఎవరికీ గుర్తుండదు, "ఇన్నేళ్లు, వారానికి ఒకసారి అంత" అంటే సరిపోతది. మరిచిపోయినవి కూడా క్షమాపణలో కలుస్తయి, తర్వాతి సంకీర్తనంలో చెప్తే చాలు. కావాలని దాచిపెడితే మాత్రం మొత్తం సంకీర్తనం చెల్లదు. పోంగనే "పదిహేనేళ్లయింది ఫాదర్, వరుస మరిచిపోయిన" అనండి, ఆయనే అడుగుతూ నడిపిస్తరు. ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడే ప్రార్థన) నోటికి రాకపోతే కాగితం మీద రాసుకొని చదవొచ్చు.

పవిత్ర వారంలో (ఈస్టర్ ముందు వారం) పోకండి, వరుస పొడుగు, మీకు ఐదు నిమిషాలు కూడా దక్కవు. మామూలు రోజు ఫోన్ చేసి టైం తీసుకోండి. ఆదివారం ఫాదర్ గారు పల్లెల్లో పూజలకు తిరుగుతుంటరు, దొరకరు.